అర్థశాస్త్ర గ్రంథ సంరక్షణము

1901వ సంవత్సరమున మూడు గ్రంథవార్తలు ఒకదానితో నొకటి సంబంధము లేకయే నడచినవి. ఋగ్వేదమును సాయణభాష్యముతో అచ్చొత్తించిన మాక్సుముల్లరు పండితుడు అంతకు ముందటి యేట ఆక్సుఫర్డులో మరణింపగా, ఆయన పుస్తకములను జపాను దేశపు ధనికుడు ఇవాసాకి కొని టోకియో విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. లండను స్వర్ణకారసంఘమువారు హెర్బర్టు ఫాక్సువెల్ అను అర్థశాస్త్రోపాధ్యాయుని యొద్దనుండి సుమారు 30,000 పుస్తకములను 10,000 పౌనులకు కొనిరి. ఆ లండను నగరముననే దాదాభాయి నౌరోజీ అనేక సంవత్సరముల ఉపన్యాసములను, లేఖలను, లెక్కలను ఒకచోట గూర్చి, భారతదేశ దారిద్ర్యమును బ్రిటిషు పరిపాలనమును గూర్చిన తన మహాగ్రంథమును ప్రకటించెను. మొదటి రెండు వార్తలును పుస్తకములను కొని కాపాడుటను గూర్చినవి. మూడవది వ్రాయుటను గూర్చినది. వ్రాయుట మనకు తెలిసినంతగా కాపాడుట తెలియలేదని మా అభిప్రాయము. ఈ లోపము పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. భూమిశిస్తును గూర్చియు, నేతగాని కూలిని గూర్చియు, రైతు అప్పును గూర్చియు మన పెద్దలు ఏమి తలచిరో తెలియని దేశము ప్రతి తరమునను ఆ తలపులను మొదటినుండి తలచుకొనవలసివచ్చును.

ఫాక్సువెల్ చరిత్రము తెలిసికొనదగినది. ఆయన కేంబ్రిడ్జిలో నివసించుచు, లండను యూనివర్సిటీ కాలేజిలో జెవన్సు తరువాత అర్థశాస్త్రపీఠము నధిష్ఠించినవాడు. ధనికుడు కాడు. 1875 ప్రాంతమున జెవన్సుతో గూడి లండను వీధులలో పాతపుస్తకముల అంగళ్లయొద్ద నిలుచుటతో మొదలైన అలవాటు ఆయనకు జీవితవ్యసనమైనది. పెద్ద గ్రంథములను, అందమైన తోలుకట్టు పుస్తకములను కొనువారు అప్పటికిని పెక్కుమంది కలరు. ఆయన కొన్నవి వేరు. నాణెములలో వెండి తరుగుటను గూర్చి, బ్యాంకి నోట్లను గూర్చి, ధాన్యముపై సుంకమును గూర్చి, పేదల పోషణకై వేయు పన్నును గూర్చి, కాలువల త్రవ్వకమును గూర్చి, ఎన్నడో ఒకనాటి వివాదమున అచ్చయి ఆ వివాదముతోనే మాసిపోయిన కరపత్రములను, కొలదిపుటల చిన్నపొత్తములను ఆయన ఏరి తెచ్చెను. ప్రతియొక్క విశేషమును ఆ పుస్తకముననే తన చేతితో వ్రాసియుంచుట ఆయన పద్ధతి. ఇల్లు నిండినది; అప్పులును పెరిగినవి. అందువలననే 1901లో ఆ భాండారమును విక్రయింపవలసివచ్చినది. కొన్న స్వర్ణకారసంఘమువారు దానిని తమ మందిరమున అలంకారముగా నుంచుకొనక, 1903లో లండను విశ్వవిద్యాలయమునకు దానము చేసిరి. ఫాక్సువెల్ మాత్రము మానలేదు. అమ్మిన పిమ్మటను కొనుచునే యుండెను. ఆ రెండవ భాండారము క్రెస్ అను వర్తకుని ద్రవ్యసహాయమున అమెరికాలోని హార్వర్డు వాణిజ్యవిద్యాలయమునకు చేరినది. 1936లో ఆయన మరణించిన తరువాత ఆ పుస్తకములు సముద్రము దాటినవి.

ఒక వ్యసనపరుని కథగా దీనిని వినోదార్థము మేము చెప్పుట లేదు. ఆ కరపత్రములవలన ఒక శాస్త్రముయొక్క చరిత్రమే మారినది. రికార్డో పండితుని సిద్ధాంతము ఇంగ్లండున నిరాటంకముగ రాజ్యమేలినదనియు, దానిని కార్మికుల పక్షమున త్రిప్పినవాడు జర్మను దేశీయుడగు మార్క్సు ఒక్కడే అనియు పందొమ్మిదవ శతాబ్దాంతమున విద్యార్థులు నేర్చుకొనుచుండిరి. 1899లో ఆంటన్ మెంగరు గ్రంథమునకు ఆంగ్లానువాదము వెలువడినపుడు ఫాక్సువెల్ దానికొక దీర్ఘమైన పీఠికను, పుస్తకముల పట్టికను సమకూర్చెను. విలియం తాంప్సను, థామసు హాడ్జ్‌స్కిను, జాన్ గ్రే, బ్రే మొదలగువారి పేర్లు ఆ పీఠికవలన లోకమునకు మరల తెలిసినవి. శ్రమించువానికి తన శ్రమఫలమంతయు ఏల చెందరాదని వీరు మార్క్సు గ్రంథమునకు పెక్కేండ్లకు పూర్వమే ప్రశ్నించియుండిరి. హాడ్జ్‌స్కిను 1825లో ప్రకటించిన చిన్నపుస్తకమున రచయిత పేరు లేదు. ‘ఒక కూలివాడు’ అని మాత్రమే యున్నది. మార్క్సు వీరి రచనలను బ్రిటిషు మ్యూజియమున చదివినవాడే, పేర్కొన్నవాడే. మరచినవారు ఇంగ్లండులోని ఉపాధ్యాయులు. ఇందులో మమ్ము మిక్కిలి ఆకర్షించిన విషయము వేరొకటి కలదు. ఫాక్సువెల్ సామ్యవాది కాడు. ఆ రచయితల కోరికలు ఆయనకు సమ్మతములు కావు. అయినను వారి మాటలను అగ్గిపాలు గాకుండ కాపాడినవాడాయనయే. తనకు నచ్చని పుస్తకమును కూడ భద్రపరుపగల ఆ బుద్ధి మన సాహిత్యసంఘములలో ఎంతవరకు కలదో పాఠకులే యోచింపవలెను.

ఒక్క ప్రతి చిక్కుటచే ఒక పండితునికి పునర్జన్మము కలిగిన దృష్టాంతములు ఈ శాస్త్రమున తక్కువ కాదు. కాంటిల్లాను అను వర్తకుడు 1734లో లండనులో తన యిల్లు కాలిపోయినపుడు మృతినొందెను. ఆయన గ్రంథము 1755లో ఫ్రెంచిభాషలో వెలువడి, ఆడం స్మిత్తు వంటివారిచే పేర్కొనబడియు, తరువాత నూరేండ్లకు పైగా మరుగుపడినది; దానిని మరల వెలికి దీసినవాడు 1881లో జెవన్సు. ఫ్రెంచి రాజవైద్యుడు కేనే 1758 ప్రాంతమున రచించిన ధనప్రసరణ పట్టికయొక్క తొలిముద్రణములు చిరకాలము ఎవరి కంటను పడలేదు. 1890లో పారిసు దస్త్రములలో మిరాబో కాగితముల నడుమ ఒకటి కనబడినది. గోసెన్ అను జర్మను ఉద్యోగి కథ మరింత విషాదకరము. ఆయన 1854లో ప్రకటించిన గ్రంథమును ఎవరును ఆదరింపలేదు. అమ్ముడుపోని ప్రతులను ఆయన వెనుకకు తెప్పించి నాశనము చేసి, 1858లో మరణించెను. ఇరువదియేండ్లకు పిమ్మట ఆడమ్‌సను అను ఆచార్యుడు దానిని కనుగొని జెవన్సునకు తెలిపెను. తాను నూతనముగ కనుగొన్నట్లు తలచిన సూత్రములు అందులో ముందే యుండుట జూచి జెవన్సు దాచిపెట్టక లోకమునకు చాటెను. ఆ ప్రతి కూడ నశించియున్నచో గోసెన్ పేరు నేడు ఎవరికిని తెలియదు.

ఇక జపాను సంగతి. ఆడం స్మిత్తు 1790లో మరణించిన పిమ్మట ఆయన పుస్తకములు దాయాదులలో పంచుకొనబడి చెదరిపోయినవి. వానిలో సుమారు 300 సంపుటములను 1920లో నితోబె ఇనాజో లండనులో కొని టోకియో విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రశాఖకు ఇచ్చెను. ఆ శాఖ స్థాపితమై అప్పటికి ఒక యేడు మాత్రమే అయినది! తరువాత రెండుమూడేండ్లలోనే వియెన్నాలో మరణించిన కార్ల్ మెంగరుయొక్క భాండారము, ఇంచుమించు 20,000 సంపుటములు, టోకియో వాణిజ్యవిద్యాలయమువారు కొనిరి. నేడు హితోత్సుబాషి విశ్వవిద్యాలయమని పిలువబడునది అదియే. మెంగరు తన ప్రథమగ్రంథముయొక్క స్వంతప్రతిలో వ్రాసికొన్న సవరణలు, చేర్పులు అందున్నవి. కనుక వియెన్నా అర్థశాస్త్రముయొక్క మూలమును శోధింపగోరు వియెన్నా పండితుడు జపానునకు పోవలసియున్నది. పడమటి దేశముల యంత్రములను కొన్నవారు ఆ యంత్రముల వెనుకనున్న తర్కమును కూడ మూలమునుండి పరీక్షింపదలచిరని మేము తలచుచున్నాము. శిష్యుడుగా చదువుటకు పాఠ్యపుస్తకము చాలును. గురువుతో వాదించుటకు గురువు చదివిన పుస్తకములు కావలెను.

కాని కొన్నంతమాత్రమున పని తీరదు. 1923 సెప్టెంబరు 1వ తేదీ భూకంపముననైన అగ్నిప్రమాదమున టోకియో విశ్వవిద్యాలయ గ్రంథాలయము దగ్ధమైనది. స్మిత్తు పుస్తకములు బ్రతికినవి. మాక్సుముల్లరు పుస్తకములు బూడిదయైనవి. ఆ మాక్సుముల్లరు ఋగ్వేదముయొక్క ద్వితీయముద్రణమునకు ద్రవ్యమిచ్చి పోషించినవారు మన విజయనగరాధీశ్వరులు ఆనందగజపతి మహారాజులవారు. వేదమును అచ్చొత్తించుటకు తెలుగుగడ్డ ధనమిచ్చినది; ఆ వేదపండితుని పుస్తకములను కొనుటకు మాత్రము మనదేశమున నెవరును ముందునకు రాలేదు. వచ్చియున్నచో అవి కాలకుండెడివో చెదలు తినియుండెడివో చెప్పజాలము గాని, ప్రయత్నించితిమను తృప్తియైనను మిగిలియుండెడిది.

మనదేశపు అర్థచింతకు గూడ ఇట్టి పునర్జన్మము ఒకటి కలిగినది. కౌటిల్యుని అర్థశాస్త్రము బహుకాలము పేరుమాత్రముగ మిగిలియుండెను. బాణుడు దానిని నిందించెను. దండి దశకుమారచరితమున దానిని ప్రస్తావించి ఆరువేల శ్లోకముల పరిమాణమని చెప్పెను. తిక్కనకు అంకితముగ కేతన రచించిన తెలుగు దశకుమారచరిత్రమును చదివిన మన పూర్వులకు చాణక్యుని పేరు తెలియునే గాని ఆయన గ్రంథము తెలియదు. 1905లో తంజావూరు ప్రాంతపు పండితుడొకడు మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు ఒక తాళపత్రప్రతిని తెచ్చి యిచ్చెను. అచ్చట గ్రంథపాలకులుగా నున్న శ్యామశాస్త్రిగారు దాని విలువను గుర్తించి 1909లో మూలమును, 1915లో ఆంగ్లానువాదమును ప్రకటించిరి. హిందువులకు పరలోకచింత తప్ప కోశచింత లేదని వాదించువారి నోళ్లు అంతటితో మూతబడినవి. గనులు, సుంకములు, తూనికలు, నేతపని, సేద్యము, వర్తకుల లాభపరిమితి — ఇన్ని విషయములపై ఆ గ్రంథమున నియమములున్నవి. ఆ పండితుని పేరును చరిత్రము జ్ఞాపకముంచుకొనలేదు. ఆయన ఆ ఆకులను అటకమీదనే యుంచియున్నచో మన ఆర్థికచరిత్రము మొదటి అధ్యాయము లేకయే నడచుచుండెడిది.

తెలుగుననైనను ఇట్టిదే. మడికి సింగన సకలనీతిసమ్మతమను పేర పూర్వుల నీతిపద్యములను కూర్చియుండకపోయినచో ముద్రామాత్యమను గ్రంథమొకటి యుండెనని మనకు తెలియకనే పోవును. మూలము నేటికిని దొరకలేదు. రాజు కోశమును నింపుకొనవలసిన తీరును, ప్రజను పీడింపరాని తీరును గూర్చి తెలుగువాడు తెలుగున యోచించెననుటకు సాక్ష్యములుగ మిగిలినవి ఆ సంకలనములోని పద్యములు. దానిని వెలికి దెచ్చి అచ్చొత్తించిన మానవల్లి రామకృష్ణకవిగారి ఋణము మనము తీర్చుకొనజాలము.

తాళపత్రమన్నచో మనకు భక్తి కలుగును, కన్నుల కద్దుకొందుము. అచ్చుకాగితమన్నచో ఆ భక్తి లేదు. మా ఆందోళనము ముఖ్యముగ ఈ రెండవదానిని గూర్చియే. తాళపత్రము మూడునాలుగు వందల యేండ్లు నిలుచును. 1880 మొదలుకొని 1950 వరకు మన ముద్రణాలయములు వాడిన కొయ్యగుజ్జు కాగితము తనలోని ఆమ్లముచేతనే పసుపువారి, పెళుసై, ముట్టిన విరిగిపోవును. మన జాతీయ ఆర్థికవాదమంతయు ఆ కాగితముమీదనే యున్నది. నౌరోజీ, రానడే, రమేశచంద్రదత్తు గ్రంథములు పునర్ముద్రణము నొందినవి గనుక వానికి భయము లేదు. వారి వాదమును పల్లెలకు దెచ్చిన చిన్నపుస్తకముల గతి ఏమి? వంగభాషలో సఖారాం గణేశ దేవుస్కరు 1904లో వ్రాసిన ‘దేశేర్ కథా’ సంపద తరలిపోవుటను సామాన్యులకు బోధించినది. 1910లో ప్రభుత్వమువారు దానిని నిషేధించిరి. లెక్కల పుస్తకమునకు అంత భయపడిన ప్రభుత్వము ఆ లెక్కల బలమును మనకంటె బాగుగ ఎరిగియుండెననుట స్పష్టము.

మన మద్రాసు రాజధానిలోని తెలుగుజిల్లాలలో శిస్తుబందోబస్తులను గూర్చి, జమీందారీ రైతుల కష్టములను గూర్చి, నేతపరిశ్రమను గూర్చి వెలువడిన విజ్ఞాపనములు, సభల తీర్మానములు, చిన్నపొత్తములు ఎన్ని? టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతను ఎస్టేటు భూముల చట్టమును విచారించిన సంఘము 1938లో తన నివేదికను ప్రకటించినది. భూమికి యజమాని రైతే గాని జమీందారు కాడని, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమేనని ఆ నివేదిక తేల్చినది. 1948 నాటి ఎస్టేటుల రద్దు శాసనమునకు వెనుకనున్న వాదమును తెలిసికొనగోరువాడు దానిని చదువక తీరదు. ఆచార్య రంగాగారు 1926లో డెల్టా గ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చియు, 1930లో చేనేతను గూర్చియు గ్రంథములు ప్రకటించిరి. మద్రాసు విశ్వవిద్యాలయాచార్యుడు స్లేటరు 1918లో దక్షిణదేశ గ్రామములను గూర్చి ప్రకటించిన పరిశీలనము కలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు తెలుగుననే అర్థశాస్త్రమును రచింపగా విజ్ఞానచంద్రికా మండలివారు దానిని అచ్చొత్తించిరి. గిరాకి, సరఫరా, కూలి, వడ్డి మొదలగు భావములకు తెలుగున మాటలు వెదకిన ఆ శ్రమ సామాన్యము కాదు. ఈ గ్రంథముల తొలిముద్రణములు మన విశ్వవిద్యాలయ గ్రంథాలయములన్నిటను చెక్కుచెదరక యున్నవని ఎవరైనను ధైర్యముగ చెప్పగలరా? పెద్దల పుస్తకములకే ఇట్టి సందేహముండగా, పేరులేని రైతు వ్రాసిన ఎనిమిదిపుటల విజ్ఞాపనమును ఎవరు దాచియుందురు? హాడ్జ్‌స్కిను కూడ పేరులేని కూలివాడుగనే అచ్చుకెక్కెను గదా!

ఇందొక విపరీతము కలదు. 1867వ సంవత్సరపు ముద్రణాలయశాసనమును బట్టి అచ్చైన ప్రతి పుస్తకమును ప్రభుత్వమునకు సమర్పింపవలసియుండెను. వానిలో కొన్ని ఏరి లండనునకు పంపబడినవి. బార్నెట్టు పండితుడు బ్రిటిషు మ్యూజియమునందలి తెలుగుపుస్తకముల పట్టికను 1912లోనే అచ్చొత్తించెను. మనపై నిఘాకై చేసిన శాసనము మన పుస్తకములను కాపాడినది. స్వతంత్రులమైన పిమ్మట మన ప్రేమ ఆ పని చేయలేకపోయినది. గుంటూరున అచ్చైన పొత్తమును చూచుటకు విద్యార్థి లండనునకు టిక్కెట్టు కొనుట మాకు గర్వకారణముగ తోచదు.

మనకు శక్తి లేదందుమా? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించినవారు, 1914లో బెజవాడలో గ్రంథాలయమహాసభ జరిపినవారు, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనమును నెలకొల్పినవారు, కృష్ణా కాలువలమీద పడవలలో పుస్తకములు పంపినవారు మనవారే. చదివించుట వారి లక్ష్యము. ఆ లక్ష్యము నెరవేరినది. ఆ గ్రంథాలయములలో నాడు పదిమంది చేతులలో నలిగిన పుస్తకములే నేడు అరుదైనవి. నలిగిన పుస్తకమును దాచవలసిన అవసరము తరువాతి తరమువారిది.

అన్నిటిని ఛాయాచిత్రములు తీసి అంతర్జాలమున నుంచిన చాలదా యని కొందరందురు. అది చేయవలసినదే, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట జరిగిన కృషివలన వేలకొలది తెలుగు పుస్తకములు నేడు ఇంటనే చదువుకొన గలుగుచున్నాము. కాని పుటలు తప్పినవి, అంచులు తెగినవి, మసకబారినవి ఎన్నియో చదువరులకు తెలియును. మూలప్రతిని తూకమునకు అమ్మివేసిన పిమ్మట ఆ పుటను మరల తీయుటకు ఉపాయము లేదు. మరియొక సంగతి. ఫాక్సువెల్ ఏర్చి కూర్చిన లండను, హార్వర్డు భాండారములు రెండును ఛాయారూపమున ఏకమైనవి. 60,000కు పైబడిన ఆ గ్రంథములను ఒక వర్తకసంస్థ చందాకు అమ్ముచున్నది. వీధి అంగడిలో కొలది పెన్నీలకు దొరికిన కూలివాని కరపత్రము ఇట్లు చందాదారులకు మాత్రమే తెరచుకొను తలుపు వెనుక చేరినది. మన మండలకేంద్రములోని కాలేజి ఆ చందా కట్టగలదా? మన పుస్తకముల ఛాయలైనను ఆ దారి పట్టకుండ నుండవలెనన్నచో మూలప్రతులు ప్రజాసంస్థల చేతిలో నుండవలెను. ప్రజాసంస్థయైనంత మాత్రమున నిశ్చింతయు లేదు. 2013లో ఆ లండను విశ్వవిద్యాలయమువారే తమయొద్దనున్న షేక్సుపియరు నాటకముల ప్రాచీన ఫోలియో ముద్రణములు నాలుగింటిని అమ్మదలచి, పండితులు గట్టిగ ఆక్షేపించిన మీదట మానుకొనిరి. ఆక్షేపించువారు లేనిచోట అమ్మకము నిశ్శబ్దముగ జరిగిపోవును.

రెండు రాష్ట్రములలోను ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపన్ను వసూలగుచునే యున్నది. ఆ సొమ్ము గ్రంథాలయసంస్థలకు సకాలమున చేరుట లేదను ఫిర్యాదు చిరకాలమునుండి వినబడుచున్నది. చేరిన సొమ్ములో కొంతభాగమును క్రొత్తపుస్తకముల కొనుగోలునకే గాక పాతవాని మరమ్మతునకు, ఆమ్లము పోగొట్టు చికిత్సకు కేటాయింపవలెను. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయముల అర్థశాస్త్రశాఖలు 1950కి పూర్వపు తెలుగు ఆర్థికరచనల పట్టికను కలసి తయారుచేయుట కష్టసాధ్యము కాదు. పరిశోధకవిద్యార్థులకు అంతకంటె ఉపయోగకరమైన పని మాకు కనబడదు. వకీళ్ల ఇండ్లలో, కరణముల ఇండ్లలో, పాత రైతుసంఘపు కార్యకర్తల ఇండ్లలో బీరువాలు ఖాళీ చేయువారు తూకపువానిని పిలుచుటకు ముందు సమీప గ్రంథాలయమునకు ఒక ఉత్తరము వ్రాయవలెనని కోరుచున్నాము. ధనికులకు కూడ మాదొక మనవి కలదు. దేవాలయమునకు గోపురము కట్టించినవారి పేరు శిలపై నుండును. క్రెస్ అను వర్తకుని పేరు హార్వర్డు భాండారముపై నేటికిని ఉన్నది.

వీనిలో పట్టికకు కాలము పట్టును, ధనమునకు మరింత కాలము పట్టును. తక్షణము కావలసినది ధనముతో పనిలేనిది. చిరిగినవని, ఎవరును చదువుట లేదని పాతపుస్తకములను తొలగించి అమ్ముట గ్రంథాలయములన్నిట నున్న ఆచారమే. జిల్లా గ్రంథాలయసంస్థలు అట్లు తొలగింపదలచిన పుస్తకముల జాబితాను విక్రయమునకు మూడునెలలు ముందుగ ప్రకటింపవలెను. 1950కి పూర్వము అచ్చైన దేనినైనను విశ్వవిద్యాలయమువారికి చూపక అమ్మరాదు. దీనికి క్రొత్త శాసనము అక్కరలేదు. గ్రంథాలయశాఖాధికారి ఒక్క ఉత్తరువు చేసిన చాలును.